టెన్షన్ ఉంటే ఇంప్లాంట్ పుండు మానదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, బరంపురంలో కింది దవడకి ఇంప్లాంట్ (పన్ను లేని చోట ఎముకలో బిగించే స్క్రూ) వేయించుకుని ఐదు వారాలైంది. చిగురు ఇంకా ఎర్రగానే ఉంది, ముట్టుకుంటే నొప్పి. మా అత్తగారికి మతిమరుపు జబ్బు, రాత్రి రెండింటికి లేచి వీధి తలుపు గడియ తీసేస్తారు, రెండేళ్ళుగా నాకు నిద్ర లేదు. అలా మేలుకుని గుడాకు రుద్దుకోవడం అలవాటైపోయింది. "నీ టెన్షన్ వల్లే మానట్లేదు" అంటోంది మా ఆడపడుచు. నిజమేనా?
— ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, టెన్షన్ వల్ల గాయం ఆలస్యంగా మానుతుందన్నది నిజమే, కానీ మీ విషయంలో దాని మీదకి నెట్టేసి ఊరుకోవద్దు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 1995లో అచ్చం మీలాంటి వాళ్ళనే చూశారు, ఇంట్లో మతిమరుపు రోగిని చూసుకునే ఆడవాళ్ళకి చేతి మీద చిన్న గాయం చేస్తే, మిగతావాళ్ళ కంటే సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. 1998లో డెంటల్ స్టూడెంట్స్‌కి అంగిట్లో 3.5 మిల్లీమీటర్ల గాయం చేశారు, సెలవుల్లో ఒకటి, పరీక్షల ముందు ఇంకోటి. పరీక్షలప్పటిది 3 రోజులు లేటుగా మానింది. టెన్షన్ రోజుల తరబడి ఉంటే కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి, గాయం దగ్గరికి తెల్ల రక్తకణాల్ని రప్పించే పని నెమ్మదిస్తుంది. ఇవన్నీ చర్మం, అంగిటి గాయాలు, ఎముక సంగతి వేరు. టైటానియం స్క్రూకి కింది దవడ ఎముక అతుక్కోడానికి మామూలుగానే మూడు నాలుగు నెలలు కావాలి.

అయినా ఐదు వారాలకి చిగురు నొప్పి ఉండకూడదమ్మా. నాకు ఎక్కువ అనుమానం గుడాకు మీదే. అది పొగాకూ బెల్లం మడ్డీ కలిపిన ముద్ద, వేలితో సరిగ్గా ఆ చిగురు మీదే రుద్దుతున్నారు, నికోటిన్ రక్తనాళాల్ని బిగించేస్తుంది, ఆ పుండుకి రక్తం ఎలా అందుతుంది చెప్పండి? ఈ రోజే ఆపండి. ఒకేసారి మానలేకపోతే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి, దానికీ మందులున్నాయి. షుగర్ టెస్ట్ కూడా చేయించుకోండి. పొద్దున్నే దవడలు పట్టేసినట్టుంటే నిద్రలో పళ్ళు కొరుకుతున్నారేమో, అదీ చెప్పండి.

ఈ వారమే బరంపురం వెళ్ళి చూపించుకోండి, చీము కారినా, స్క్రూ కదిలినా, వాపు పెరిగినా అదే రోజు వెళ్ళాలి. ఇంకోటి, ఆ ఆడపడుచుగారినే వారంలో రెండు రాత్రులు వాళ్ళమ్మ దగ్గర పడుకోమనండి, మీరు వేరే గదిలో తలుపేసుకుని నిద్రపోండి. అడగడానికి మొహమాటపడొద్దు, ఆవిడ కన్నతల్లే కదా.