సమాధానం: రాత్రివేళ ఎదుటి హైబీమ్ కళ్లలో పడుతుంటే

నాగార్జునసాగర్ దారిలో ఎదుటివారు హైబీమ్ (దూరానికి, పైకి పడే హెడ్‌లైటు వెలుగు) తగ్గించకపోతే మనమూ హైబీమ్ వేయవచ్చా అని మీరు అడిగారు. వేయవద్దండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది కనుక, రెండు సెకన్లు కళ్లు చెదిరితే 33 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్లే. అప్పుడు ఎదుటి డ్రైవరుకూ కనిపించకుండా చేయడం మనకే ముప్పు.

దూరం నుంచే ఒక్కసారి డిప్పర్ కొట్టి (లైటును క్షణం పాటు మార్చి సైగ చేసి), ఫలితం లేకపోతే వదిలేసి, యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించి, చూపును ఆ వెలుగు మీద నుంచి మళ్లించి రోడ్డు ఎడమ అంచున ఉన్న తెల్లగీత మీద నిలపండి. లైట్లు లేని ట్రాక్టరు గానీ, సైకిలు గానీ ఆ అంచునే ఉండవచ్చు కాబట్టి వేగం తగ్గించడం తప్పనిసరి. వెనుక వాహనం వెలుగుకు కారు లోపల వెనుకవైపు చూసే అద్దం కింది మీటను తిప్పితే చాలు.

మీ లైట్లను కూడా ఒకసారి చూసుకోండి. వెనుక సీటూ డిక్కీ నిండితే కారు ముందు భాగం పైకి లేచి, లోబీమ్ కూడా ఎదుటివారి కళ్లలో పడుతుంది. స్టీరింగు దగ్గర, హెడ్‌లైట్ల వెలుగును కిందికి దించే, 0 నుంచి అంకెలున్న చిన్న చక్రం ఉంటే, బరువును బట్టి దాన్ని 2కో 3కో మార్చండి. (నేనూ చాలాకాలం దాన్ని ముట్టుకోలేదు.) కారు ముందు అద్దం లోపలివైపు పేరుకున్న జిడ్డును తుడిస్తే, ఎదుటి వెలుగు చెదిరి పరుచుకోవడం చాలావరకు తగ్గుతుంది.