నోటితో అన్నీ చెప్పి, చదవమంటే ఆగిపోయే పిల్లలకు ఎలా నేర్పాలి?

నాలుగో తరగతిలో ఇద్దరు పిల్లలు నోటితో అడిగితే టకటకా చెబుతున్నారు, పుస్తకం తెరిస్తే ఒక్క వాక్యం కూడా సాగడం లేదు, ఇంట్లో బద్ధకం అంటున్నారు, డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఏమో అని మీ అనుమానం. మిగతా ముప్పై మందితో పాటు వీళ్లకు ఎలా చెప్పాలని అడిగారు. ప్రాథమిక పాఠశాలలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి నాకు పనికొచ్చినవి రాస్తున్నాను.

ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించండి. ఆ రెండూ బాగుంటే మీ అనుమానానికి బలం వస్తుంది. డిస్లెక్సియా అని తేల్చాల్సింది సైకాలజిస్టు, మనం కాదు. అయితే తేలేదాకా ఆగక్కర్లేదు, ఎందుకంటే కింద రాసిన పద్ధతులతో మిగతా పిల్లలకూ మేలే.

రేపటి నుంచే వరసగా నిలబెట్టి పాఠం చదివించడం ఆపేయండి. చదవలేని పిల్లవాడు తన వంతు ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు, ఆ టెన్షన్‌లో పాఠం చెవికెక్కదు. నా క్లాసులో ఒక అబ్బాయి వంతు దగ్గరపడేసరికి ఏదో ఒక సాకు చెప్పి బయటికి వెళ్లిపోయేవాడు. పక్కకు పిలిచి చెప్పాను: "నిన్ను ఉన్నట్టుండి లేపను నాన్నా. ఏ రెండు వాక్యాలు చదవాలో ముందురోజే చెబుతాను, ఇంట్లో అక్క దగ్గర చదువుకుని రా." బయటికి వెళ్లడం మానేశాడు. తర్వాత్తర్వాత తనే చెయ్యెత్తేవాడు.

ఇక అక్షరాలు. అసలు పని ఇక్కడే ఉంది. తెలుగులో దాదాపు రాసినట్టే చదువుతాం కాబట్టి ఇంగ్లీషు స్పెల్లింగుల్లాంటి చిక్కు తక్కువ. కానీ ఈ పిల్లలు ఒక్కో అక్షరం కూడబలుక్కుని వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతారు. క గుణింతం పాటలా గడగడా చెప్పేస్తారు, అందులోంచి 'కె' ఒక్కటీ చూపిస్తే గుర్తుపట్టరు. అందుకని వల్లె వేయించడం తగ్గించి, కార్డులు కలిపేసి చూపించండి. వ, ప, మ లాంటి పోలికున్న అక్షరాలు ఒకే రోజు వద్దు. బ, భ కూడా అంతే, ఒకటి గట్టిపడ్డాకే రెండోది. వర్ణమాలలో పక్కపక్కన ఉన్నాయని అదే వరసలో నేర్పితే వీళ్లకు ఇంకా గందరగోళం. ఒత్తుల దగ్గర మరీ ఓపిక కావాలి. గ, డ, ద ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాల్లాగే ఉంటాయి, తొందరగా వస్తాయి. త, న, మ, య, ర ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. వాటిని కొత్త అక్షరాలు నేర్పినట్టే నేర్పాలి.

రాయించే ముందు చెవికి పని పెట్టండి. "పలకలో ప తీసేస్తే ఏం మిగిలింది?", "కమలం అనడానికి ఎన్ని చప్పట్లు కొట్టాలి?" ఇలాంటివి రోజూ ప్రార్థన అవ్వగానే అయిదు నిమిషాలు క్లాసంతటితో ఆడించొచ్చు. ఆ తర్వాత పళ్లెంలో ఇసుక పోసి, శబ్దం పైకి అంటూ వేలితో దిద్దించండి. వినడం, అనడం, చూడటం, తాకడం ఒకేసారి జరిగితే అక్షరం బాగా నిలుస్తుంది.

పరిసరాల విజ్ఞానంలో మీరు చూడాల్సింది మొక్కల గురించి పిల్లవాడికేం తెలుసన్నది, చదవడం వచ్చా రాదా అన్నది కాదు. ప్రశ్న మీరే చదివి వినిపించి, నోటితో చెప్పిన జవాబుకు మార్కులు వేయండి. బోర్డు మీది నోట్సు జిరాక్సు తీసి ఇవ్వండి. ఉక్తలేఖనంలో అయిదు మాటలు చాలు. ఎక్కాలు గుర్తుండకపోతే చార్టు చూసి లెక్క చేయనివ్వండి. మిగతా పిల్లలు అడ్డు చెబుతారని భయపడకండి. నేను చూసినంతలో 'వాడికొక్కడికే ఎందుకు' అని అడిగేది పెద్దవాళ్లే.

తల్లిదండ్రులు వస్తే ముందు నోట్‌బుక్కు తెరవకండి, వాడికి వచ్చినవి చెప్పండి. తప్పు రాసిన మాటను పదిసార్లు రాయించడం, ఇంకో ట్యూషన్ పెట్టడం వద్దని గట్టిగా చెప్పండి. బదులుగా రాత్రి పావుగంట ఇంట్లో ఎవరైనా పైకి చదువుతుంటే వాడు వేలు పెట్టి చూస్తూ పోతే చాలు.

కాగితాల పని కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యం (నేర్చుకోవడంలో ఇబ్బంది) ఒకటి. త్వరగా గుర్తించి తగినట్టు బోధించడం స్కూలు బాధ్యతని ఆ చట్టమే చెబుతోంది. మీ హెడ్మాస్టరు ద్వారా మండలంలోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచేది) రిసోర్స్ టీచర్‌ను కలవండి. హైదరాబాద్‌కు దగ్గరైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. అభ్యసన వైకల్య సర్టిఫికెట్ దాదాపు ఎనిమిదేళ్ల వయసు నుంచి ఇస్తారు, పెద్దయ్యే కొద్దీ మళ్లీ పరీక్షిస్తారు. పరీక్షల్లో స్క్రైబు (పిల్లవాడు చెబితే రాసిపెట్టే మనిషి), గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం గురించి కేంద్ర ప్రభుత్వం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. వీటికి ఆ సర్టిఫికెట్టే ఆధారం. పదో తరగతికొచ్చాక పరుగులు పెట్టే కుటుంబాలను చూశాను, అంతదాకా రానివ్వకండి.

ఈ వారం ఇద్దరూ చదివేటప్పుడు ఏ అక్షరాల దగ్గర, ఏ ఒత్తుల దగ్గర ఆగుతున్నారో విడివిడిగా రాసిపెట్టుకోండి. ఆ రెండు జాబితాలు పంపితే కార్డులు ఏ వరసలో ఇవ్వాలో ఇద్దరికీ వేర్వేరుగా రాసి పంపిస్తాను.