పశువైద్యుణ్ని అడగండి: మేకు గాయం మానాక గుర్రం బిగుసుకుపోయింది

ప్రశ్న: డాక్టరు గారూ, బరాత్‌లకు తిప్పే తెల్ల గుర్రం ఉంది మాకు. ఆడది, ఏడేళ్లది. రెండు వారాల కింద ఊరేగింపు నుంచి వస్తుంటే ముందు కాలి గిట్టలో మేకు దిగింది. పీకేసి, పసుపు అద్ది గుడ్డ కట్టినం. కుంటు పోయింది. మొన్నటి నుంచి దాణా నోట్లో పెట్టుకుంటోంది గానీ నమలలేకపోతోంది. కాళ్లు కర్రల్లా పెట్టి నడుస్తోంది, తోక పైకెత్తే ఉంచుతోంది. కడుపునొప్పేమో అని వాము నీళ్లు పోస్తే మింగలేదు. వచ్చే వారం మూడు బరాత్‌లు ఒప్పుకున్నాం. ఏం చేయాలె?
– కరీమాబాద్, వరంగల్

జవాబు: మీ ఉత్తరం చదవగానే ఫోన్ చేసి, ఆ పూటే డాక్టరును పిలవమన్నాను. గుర్రాలున్న మిగతా వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా. ఇది కడుపునొప్పి కాదు, ధనుర్వాతం లక్షణాలు. పశువులన్నిటిలో గుర్రానికే ఇది తొందరగా పట్టుకుంటుంది.

ఈ సూక్ష్మజీవి మట్టిలో, గుర్రపు లద్దెలో మామూలుగానే ఉంటుంది. గాలి తగలని లోతు గాయం దొరికితే పెరిగి విషం వదులుతుంది. మేకు చేసిన సన్నని బెజ్జం పైన మూసుకుపోయి, లోపల అదే జరిగింది. అందుకే కుంటు పోయిందని మీరు సంతోషపడ్డ రోజుల్లోనే జబ్బు ముదిరింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే జబ్బు పట్టిన ఒక టాంగా గుర్రాన్ని చూశాను. గడ్డం కింద చెయ్యి పెట్టి తల లేపగానే, కంటి లోపలి మూల నుంచి పొర సర్రున వచ్చి సగం గుడ్డును కప్పేసి మెల్లగా వెనక్కి పోయింది. చెవులు నిక్కబొడుచుకుని, ముక్కుపుటాలు విచ్చుకుని ఉన్నాయి. గాయం ఎక్కడా లేదన్నాడు యజమాని. గంటసేపు వెతికితే వెనక గిట్ట అడుగున నల్లటి చుక్క కనపడింది. గీకితే చీము వచ్చింది. మూడో రాత్రి ఆ గుర్రం పడిపోయింది, ఇక లేవలేదు. ఆ కంటి పొర నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

డాక్టరు గాయాన్ని తెరిచి శుభ్రం చేసి, పెన్సిలిన్, విరుగుడు సీరం, కండరాలు సడలే మందు ఇస్తారు. నరాలకు అప్పటికే పట్టిన విషాన్ని సీరం విడిపించలేదు, ఇంకా ఒంట్లో తిరుగుతున్నదాన్నే అడ్డుకుంటుంది. ఒక్క రోజు ఆలస్యమైనా అందుకే నష్టం. విరుగుడు రక్తంలోనే తయారవుతుందని 1890లో బెరింగ్, కితసాటో అనే శాస్త్రవేత్తలు చూపించాక, ఎన్నో ఏళ్లు మనుషులకు ఇచ్చిన ధనుర్వాతం సీరం గుర్రాల రక్తం నుంచి తీసిందే. వాటికి మనం అంత బాకీ ఉన్నాం.

మిగతాది మీ చేతుల్లో ఉంది. చీకటి గదిలో కట్టకుండా వదలండి, కింద గడ్డి మందంగా పరవండి, చెవుల్లో దూది పెట్టండి. చిన్న చప్పుడుకే ఒళ్లు బిగుస్తుంది, తలుపు కూడా మెల్లగా వేయండి. మెత్తటి దాణా, నీళ్లు నోటి ఎత్తులో పెట్టండి. గొంతులో ఏదీ పోయకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కోలుకోవడానికి వారాలు పడుతుంది. అడ్వాన్సులు తిరిగి ఇచ్చేయండి. బ్యాండు చప్పుడులోకి దాన్ని తీసుకెళ్లడమంటే చంపడమే.

బతికినా మళ్లీ రాదని లేదు, టీకా వేయించాల్సిందే. నెల తేడాతో రెండు డోసులు, ఆపై ఏటా ఒకటి. మీ దగ్గర ఇంకా గుర్రాలుంటే వాటికీ ఈ వారమే వేయించండి.

ప్రశ్న: మా ఊళ్లో గొంతువాపుతో రెండు బర్రెలు పోయాయి. వానలు మొదలయ్యాక టీకా పనిచేస్తుందా?
– నెక్కొండ

జవాబు: పనిచేస్తుంది, కానీ రక్షణ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మే నెలలోనే వేయించమనేది అందుకే. ముందు జ్వరం చూడండి. ఒళ్లు కాలుతూ, చొంగ కారుతూ, గురక వస్తుంటే టీకా కాదు, గంటల్లో మందు పడాలి. ఈ జబ్బు ఒక్క రోజులో తీసుకుపోతుంది, పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి. జ్వరం లేనివాటికే టీకా వేయించి, జబ్బువాటితో ఒకే తొట్టిలో నీళ్లు తాగనివ్వకండి. సూది వేసిన చోట గడ్డ కడితే భయపడొద్దు, కొన్నాళ్లకు కరుగుతుంది.