అంతర్జాతీయ సంబంధాల్లో ‘నాగరికత’ అంటే ఏమిటి?

ఈ మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి, చాలామంది కలిపేస్తారు.

మొదటిది ఏకవచనం, అంటే నాగరికత ఒక్కటే, అందరికీ అదే కొలబద్ద. 19వ శతాబ్దంలో యూరప్ దేశాలు ‘మా లెక్కలో మీరు నాగరికులైతేనే సమాన హోదా’ అనేవి. జపాన్‌నే చూడండి: 1858 ఒప్పందాల ప్రకారం అక్కడ నేరం చేసిన విదేశీయుణ్ణి జపాన్ కోర్టు కాదు, అతని దేశపు కాన్సుల్ (అక్కడ ఉండే ఆ దేశ ప్రభుత్వ ప్రతినిధి) విచారించేవాడు! ఆ షరతు వదిలించుకోవడానికి జపాన్ తన ముఖ్యమైన చట్టాలను యూరప్ పద్ధతిలో తిరగరాసుకుంది, అయినా 1899 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ వాసన ఇంకా పోలేదు, అంతర్జాతీయ న్యాయస్థానం నిబంధనావళి 38వ అధికరణంలో ‘నాగరిక దేశాలు’ అనే మాట ఇప్పటికీ ఉంది.

రెండోది బహువచనం, అంటే లోకంలో నాగరికతలు చాలా. ప్రచ్ఛన్నయుద్ధం అయిపోయాక ఇక ముఖ్యమైన గొడవలు కమ్యూనిజం లాంటి రాజకీయ భావజాలాల మధ్య కాదు, పాశ్చాత్య, ఇస్లామిక్, చైనా, హిందూ లాంటి నాగరికతల మధ్యే అని 1993లో అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త శామ్యూల్ హంటింగ్టన్ అన్నాడు. వినడానికి బాగుంటుంది కానీ నాకైతే అతకదు. అంతకుముందే ఇరాన్, ఇరాక్ ఎనిమిదేళ్లు కొట్టుకున్నాయి, రెండూ ఆయన లెక్కలో ఒకే నాగరికత. రష్యా, ఉక్రెయిన్ సంగతి సరేసరి, వాటి మధ్య హింస జరిగే అవకాశం తక్కువని ఈ సిద్ధాంతం ప్రకారమే ఆయన రాశాడు.