బోనస్ రూమ్‌కి హీట్ పంప్: మనమే బిగించుకుంటే నిజంగా మిగిలేదెంత?

ప్రశ్న: నమస్తే అండీ. మేం నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటాం. 2022 చివర్లో ఇల్లు కొన్నాం, లోన్ 6 శాతం. నేను హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్నాను, ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది. గ్యారేజ్ పైన 350 చదరపు అడుగుల బోనస్ రూమ్ ఉంది. చలికాలంలో ఫ్రిజ్, ఎండాకాలంలో పొయ్యి. మా ఆవిడ అక్కడే కూర్చుని పని చేసుకుంటుంది, 1500 వాట్ల స్పేస్ హీటర్ రోజూ ఎనిమిది గంటలు నడుస్తుంది. నవంబర్‌లో గుంటూరు నుంచి అమ్మానాన్న ఆరు నెలలకి వస్తున్నారు. డక్ట్‌లెస్ హీట్ పంప్ (వేడి కూడా ఇచ్చే స్ప్లిట్ ఏసీ) పెట్టిద్దామంటే ఒక కాంట్రాక్టర్ 5,800 డాలర్లు, ఇంకొకాయన 6,900 అన్నారు. మనమే బిగించుకునే కిట్ 1,700కే దొరుకుతోంది, స్టోర్ కార్డు తీసుకుంటే 18 నెలలు వడ్డీ ఉండదట. 30 శాతం ట్యాక్స్ క్రెడిట్ కూడా వస్తుందని ఫ్రెండ్ చెప్పాడు. అంటే 4,000 పైనే మిగులుతుంది, కరెంటు బిల్లు తగ్గి మూడు నాలుగేళ్లలో డబ్బు తిరిగొస్తుందని నా లెక్క. సేవింగ్స్‌లో 14,000 ఉన్నాయి, నెల ఖర్చు 6,200, ఇంటి లోన్‌కి నెలకి 600 ఎక్స్‌ట్రా కడుతున్నాను. కొనేయమంటారా?

జవాబు: కొనండి. కానీ ఆ కార్డు మీద వద్దు, ఈ నెలలో వద్దు, డబ్బు తిరిగొస్తుందన్న ఆశతో అసలు వద్దు.

ట్యాక్స్ క్రెడిట్ సంగతి ముందు తేల్చేద్దాం. మీ ఫ్రెండ్ చెప్పింది నిన్నమొన్నటి దాకా నిజమే. 2022 నాటి చట్టం ప్రకారం హీట్ పంప్ ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్లు పన్నులో తగ్గించుకునే వీలుండేది. 2025 జూలై 4న సంతకమైన కొత్త చట్టం దానికి ముగింపు పలికింది. 2025 డిసెంబర్ 31 లోపు బిగించి వాడకంలోకి వచ్చినవాటికే అది వర్తిస్తుంది, కాబట్టి ఇప్పుడు మీరు పెట్టేదానికి సున్నా. రాష్ట్రం తరఫున ఎనర్జీ సేవర్ నార్త్ కరోలినా అని ఒక రిబేట్ పథకం ఉంది గానీ, అందులో హీట్ పంప్ సాయానికి ఆదాయ పరిమితి ఉంది, మీ ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి 150 శాతం దాటితే రాదు. కేరీలో ఇద్దరూ పని చేసే ఇంటికి అది అందే అవకాశం తక్కువ, పైగా అలాంటి రిబేట్లు సొంతంగా బిగించుకున్నవాళ్ల కోసం పెట్టినవి కావు.

ఇక మీ 4,000. మీరు 5,800లోంచి 1,700 తీసేశారు. ఆ రెండూ ఒకే వస్తువు ధరలు కావండీ. కాంట్రాక్టర్ చెప్పిన దాంట్లో కరెంటు పని, పర్మిట్, గోడకి కన్నం, పైపుల మీద కవర్, రేపు ఏదైనా తేడా వస్తే ఫోన్ ఎత్తే బాధ్యత, అన్నీ కలిసి ఉంటాయి. కిట్ ధరలో డబ్బా మాత్రమే ఉంటుంది. 1,700 మీద మీ వేక్ కౌంటీలో 7.25 శాతం సేల్స్ ట్యాక్స్ వేస్తే 1,823. ఇంటి కరెంటు ప్యానెల్ నుంచి విడిగా ఒక సర్క్యూట్ లాగి, బయట యూనిట్ పక్కన డిస్‌కనెక్ట్ స్విచ్ పెట్టడానికి ఎలక్ట్రీషియన్‌కి ఒక 650 వేసుకోండి (ప్యానెల్ ఆ గోడకి అటువైపు ఉంటే ఇంకా ఎక్కువే అడుగుతాడు). బయట యూనిట్‌కి దిమ్మో బ్రాకెటో, పైపుల కవర్, కన్నం వేసే హోల్ సా, చిల్లర సామాన్లు 300. పర్మిట్లకి 150 పక్కన పెట్టండి. మొత్తం 2,923. అంటే మీకు నిజంగా మిగిలేది 2,900 దాకా, 4,000 కాదు. ఒక వీకెండ్ మొత్తం, నిచ్చెన పట్టుకోవడానికి ఒక స్నేహితుడు, ఆయనకి బిర్యానీ, ఇవి లెక్కలోకి రాలేదు. అయినా 2,900 చిన్న మొత్తమేమీ కాదు, అందుకే కొనండి అన్నాను.

మూడు నాలుగేళ్లలో తిరిగొస్తుందన్నారు చూశారా, అది మాత్రం కుదరదు. మీ స్పేస్ హీటర్ ఎనిమిది గంటలు ఆగకుండా నడిచినా 12 యూనిట్లు. యూనిట్ 14 సెంట్లు అనుకుంటే రోజుకి 1.68 డాలర్లు. అదే వేడిని హీట్ పంప్ మూడో వంతు కరెంటుతో ఇస్తుందనుకుందాం, ఎందుకంటే అది వేడిని పుట్టించదు, బయట గాలిలో ఉన్న వేడిని లోపలికి మోసుకొస్తుంది. మన ఊళ్లో గోడకి వేలాడే స్ప్లిట్ ఏసీనే, వెనక్కి కూడా నడుస్తుంది, అంతే. రోజుకి 56 సెంట్లు. మిగిలేది 1.12. చలి రోజులు 120 అనుకున్నా ఏడాదికి 134 డాలర్లు. 2,923 రావాలంటే దాదాపు 22 ఏళ్లు, కాంట్రాక్టర్‌తో పెట్టిస్తే 43 ఏళ్లు. ఆ మిషన్ పదిహేనేళ్లు నడిస్తే చాలా బాగా నడిచినట్టు. పైగా ఇప్పుడు ఎండాకాలంలో ఆ గదిని వదిలేస్తున్నారు, రేపు ఏసీ వేస్తారు, జూలై బిల్లు పెరుగుతుంది కూడా. ఒక్క గది కోసం ఇల్లంతా థర్మోస్టాట్ పెంచే అలవాటు ఉంటే అది తగ్గించి ఇంకొంత మిగుల్చుకోవచ్చు, అది మీ బిల్లులు చూసి మీరే లెక్క వేసుకోవాలి.

కాబట్టి దీన్ని పెట్టుబడి అనుకోకండి. మీ ఆవిడ స్వెట్టర్ లేకుండా మీటింగ్‌లో కూర్చోవడానికి, మీ నాన్నగారు ఇంట్లో మంకీ క్యాప్ తీసి పేపర్ చదువుకోవడానికి మీరు పెడుతున్న ఖర్చు ఇది. పదిహేనేళ్లకి పంచితే నెలకి 16 డాలర్లు పడుతుంది, కాంట్రాక్టర్‌తో అయితే 32. నెలకి 16 డాలర్లకి ఆ సుఖం నాకైతే చవకే అనిపిస్తుంది. లోన్ తీసుకుని కొనేటప్పుడు మాత్రమే ఈ తేడా మనిషిని ముంచుతుంది, ఎందుకంటే "ఎలాగూ తిరిగొస్తుంది కదా" అనుకున్న ఖర్చుకి మనం బేరం ఆడం.

అందుకే ఆ స్టోర్ కార్డు వద్దన్నాను. 18 నెలలు వడ్డీ లేదు అన్నచోట కింద చిన్న అక్షరాలు చదవండి. "పూర్తిగా కట్టేస్తేనే" అని ఉంటే అది వడ్డీ మాఫీ కాదు, వడ్డీ వాయిదా. రోజూ వడ్డీ పక్కన పేరుకుంటూనే ఉంటుంది, పద్దెనిమిదో నెల ఆఖరికి ఒక్క డాలర్ బాకీ ఉన్నా మొదటి రోజు నుంచి లెక్కగట్టి మొత్తం మీ మీద వేస్తారు. ఇలాంటి కార్డుల మీద 30 శాతం దరిదాపుల్లో వడ్డీ ఉండటం మామూలే, 1,800 మీద అది కొన్ని వందల డాలర్లు. వాళ్లు చూపించే మినిమమ్ పేమెంట్ కట్టుకుంటూ పోతే గడువులోపు బాకీ తీరకపోవచ్చు, చాలామంది జారేది అక్కడే.

కార్డు వద్దు, సేవింగ్స్ 14,000 ముట్టుకోవద్దు అంటాను. మరి డబ్బు ఎక్కడిది? మీ ఉత్తరంలోనే ఉంది, మీరే ఒక వాక్యంలో రాసి ముందుకెళ్లిపోయారు: నెలకి 600 ఎక్స్‌ట్రా. నిజానికి ఈ హీట్ పంప్ కన్నా నాకు అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది. అప్పు త్వరగా తీర్చేయాలన్న తపన మన ఇళ్లలో పెరిగినవాళ్లకి నరాల్లో ఉంటుంది, మంచిదే, నేనేం తప్పు పట్టను. కానీ మీరు హెచ్-1బి మీద ఉన్నారు. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది, ఐ-140 అప్రూవ్ అయినా ఆ గడియారం ఆగదు. మీ 14,000 నెలకి 6,200 చొప్పున రెండు నెలల పైచిలుకు. ఇంటర్వ్యూలు, కొత్త కంపెనీ పిటిషన్, ఒకవేళ సామాన్లు సర్దుకోవాల్సి వస్తే ఇల్లు అమ్మకానికి పెట్టి అది తెగే దాకా ఈఎంఐలు, ఇవన్నీ ఆ రెండు నెలల్లో ఇమడవు. మీరు ఇన్నాళ్లూ ముందే కట్టిన అసలు సొమ్ము అప్పుడు అక్కరకు రాదు. బ్యాంకుకి ఫోన్ చేసి "నేను ఎక్స్‌ట్రా కట్టాను కదా, ఈ మూడు నెలలు ఆగండి" అంటే ఆగరు. వచ్చే నెల వాయిదా వచ్చే నెలే కట్టాలి. ఉద్యోగం లేనప్పుడు ఇంటి మీద లైన్ ఆఫ్ క్రెడిట్ (ఇల్లు చూపించి తీసుకునే అప్పు) దొరకడం కూడా చాలా కష్టం. ఇంటి గోడల్లో ఉన్న డబ్బు అవసరానికి జేబులోకి రాదండీ.

కాబట్టి జూన్ నుంచి అక్టోబర్ దాకా ఆ 600 ఆపండి. ఐదు నెలలకి 3,000, మీ హీట్ పంప్ సరిగ్గా అంతే. దీనివల్ల ఏడాదికి 180 డాలర్ల వడ్డీ ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. నవంబర్ నుంచి కూడా ఆ 600 లోన్‌కి పంపకుండా విడిగా హై యీల్డ్ (ఎక్కువ వడ్డీ ఇచ్చే) సేవింగ్స్‌లో వేయండి, ఆరు నెలల ఖర్చు 37,200 అయ్యేదాకా. నెలకి 600తోనే అయితే మూడేళ్లు దాటుతుంది, అందుకని బోనస్, ట్యాక్స్ రీఫండ్ ఏది వచ్చినా ముందు అందులోకే. అది నిండాక లోన్‌ని ఎంత త్వరగా తీర్చుకుంటారో మీ ఇష్టం.

కిట్ ఎంచుకోవడంలో ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను, నేను తిన్న దెబ్బ కనుక. 2019లో నేను ఆన్‌లైన్‌లో చవకగా వచ్చిందని మామూలు మినీ స్ప్లిట్ (ఇలాంటి డక్ట్‌లెస్ మిషనే) ఒకటి తెప్పించాను. రాగి పైపు చివరలు మనమే ఫ్లేర్ చేసి (గరాటులా వెడల్పు చేసి) బిగించి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలి తీసి, అప్పుడు గ్యాస్ వదలాలి. వీడియోలు చూసి చేసేశాం. రెండో వేసవికి చల్లదనం పోయింది, ఫ్లేర్ దగ్గర లీక్. కంపెనీవాళ్లని వారంటీ అడిగితే లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ బిగించిన బిల్లు చూపించమన్నారు. ఆ లైన్ల మీద చెయ్యి వేయాలంటే క్లీన్ ఎయిర్ యాక్ట్ సెక్షన్ 608 సర్టిఫికెట్ ఉండాలని కూడా నాకు అప్పుడే తెలిసింది. వచ్చిన టెక్నీషియన్లలో ఒకాయన "నేను పెట్టని మిషన్ నేను ముట్టను" అని వెళ్లిపోయాడు, రెండో ఆయన ముట్టాడు గానీ నేను మిగుల్చుకున్నదంతా పట్టుకుపోయాడు.

మీరు చూస్తున్నది ఆ రకమా కాదా అన్నది డబ్బా మీద ఉంటుంది. లైన్లలో ముందే గ్యాస్ నింపి, వాక్యూమ్ అక్కర్లేకుండా బిగించే రకం అయి ఉండాలి, ఎంఆర్‌కూల్ వాళ్ల డీఐవై సిరీస్ లాంటిది. సొంతంగా బిగించినా వారంటీ వర్తిస్తుందని కాగితం మీద ఉండాలి. పెద్ద బ్రాండ్లు చాలావరకు ఒప్పుకోవు. ఆ లైన్లని కోయకూడదు, మీకు 12 అడుగులే చాలినా 25 అడుగుల లైన్ వస్తే మిగిలింది చుట్ట చుట్టి యూనిట్ వెనక పెట్టుకోవాల్సిందే, చూడ్డానికి అంత బాగోదు. 2025 నుంచి కొత్తగా తయారయ్యేవి ఆర్-32, ఆర్-454బి గ్యాస్‌లకి మారాయి, పాత ఆర్-410ఎ కిట్ క్లియరెన్స్‌లో కనిపిస్తే ఆశపడకండి. సైజు 12,000 బీటీయూ (మిషన్ సామర్థ్యం కొలత) దాటొద్దు, పెద్దదైతే గది టక్కున చల్లబడి ఆగిపోతుంది, కరోలినా జూలై తేమ మాత్రం గదిలోనే ఉండిపోతుంది.

కరెంటు పని మాత్రం మీరు చేయకండి. ఆ 650లో మిగుల్చుకునేదేమీ లేదు. పర్మిట్ కూడా తీసుకోండి, సొంతింటికి ఓనర్ ఏ పని వరకు స్వయంగా చేసుకోవచ్చో టౌన్ ఇన్‌స్పెక్షన్స్ వాళ్లకి ఒక ఫోన్ చేస్తే చెప్తారు. పర్మిట్ లేకుండా పెట్టినది ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల ఇన్‌స్పెక్టర్ కంట్లో పడుతుంది, అక్కడ వాళ్లు తగ్గించమనే బేరం మీరు ఆదా చేసిన 150 కన్నా చాలా పెద్దగా ఉంటుంది. అగ్నిప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీకి పేచీ పెట్టడానికి ఒక కారణం దొరుకుతుంది. మీ కాలనీకి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే బయట యూనిట్ ఎక్కడ పెట్టాలో ముందు వాళ్ల చేత రాతపూర్వకంగా ఒప్పించుకోండి, కన్నం వేశాక కాదు.

డబ్బు జమ అయ్యేలోపు ఒక శనివారం ఆ గది పక్క గోడల వెనక, పైకప్పు వాలు కింద ఉన్న ఖాళీలోకి టార్చ్ వేసుకుని వెళ్లండి. గ్యారేజ్ పైన గదుల్లో ఇన్సులేషన్ జారిపోయి ఉండటం, డక్ట్ (గాలి వచ్చే గొట్టం) ఊడిపోయి అటకని వెచ్చబెడుతూ ఉండటం చాలా మామూలు. ఊడిన డక్ట్ బిగించడానికి టేపు ఖర్చే. ఆ రిపేర్ తర్వాత కూడా చలిగానే ఉంటే కిట్ ఆర్డర్ చేయండి. ఉండకపోతే 3,000 మీవే.

పెట్టాక ఒక మాట మీ నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. జనవరిలో బయట తేమగా, గడ్డకట్టే చలిగా ఉన్నప్పుడు ఆ మిషన్ మధ్యమధ్యలో కొన్ని నిమిషాలు వేడి ఆపేసి, బయట యూనిట్ మీద మంచు కరిగించుకుంటుంది, ఆవిరి కూడా లేస్తుంది. చెప్పకపోతే మీరు ఆఫీసులో ఉండగా ఆయన రిమోట్ మీద ఉన్న బటన్లన్నీ నొక్కేస్తారు.