గోశాల పశువులను ఇంట్లో సాకడానికి నగలు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. జిరాక్స్ షాపు మీద నెలకు సుమారు 34,000, నా భార్య కుట్టుపని మీద 6,000 వస్తాయి. ఇంటి ఖర్చు 31,000, బండి వాయిదా 2,800. బ్యాంకులో 48,000 ఉన్నాయి. లారీల్లో పట్టుబడిన పశువులతో ఇక్కడి గోశాల నిండిపోయింది. రెండు ముసలి ఎడ్లను, ఒట్టిపోయిన ఆవును, దాని ఏడాది పెయ్యను మా పెరట్లో సాకుతామని మాటిచ్చాం. పాక స్తంభాల కోసం రోజువారీ ఫైనాన్స్‌లో 20,000 తీసుకున్నాను, 3,000 కోసుకుని ఇచ్చారు, ఇంకా 60 రోజులు కట్టాలి. ఇక్కడ ఎండుగడ్డి కిలో 7, దాణా 28. పచ్చిగడ్డి గట్ల మీద కోసుకొస్తాం. మిగతా పాకకు, మేతకు కలిపి నగల మీద 1,20,000 తీసుకోవాలని ఉంది. ఎక్కడ తీసుకుంటే నయం? ఈ ఖర్చుకు 80జి (విరాళాల మీద ఆదాయపు పన్ను మినహాయింపు) వర్తిస్తుందా?

జవాబు: ఎక్కడా తీసుకోకండి. మీలా మంచిపనికి ముందు మాటిచ్చేసి, ఆ తరువాత డబ్బు వెతుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఈ జవాబు కాస్త కటువుగా రాస్తున్నాను.

ముందు ఆ ఫైనాన్స్ సంగతి. 20,000 అని రాసుకుని, 3,000 ముందే కోసుకుని, 17,000 చేతిలో పెట్టారు. రోజుకు 200 చొప్పున వంద రోజులు కడుతున్నారు. అసలు రోజురోజుకూ తగ్గుతోంది కాబట్టి సగటున మీ దగ్గరున్న అప్పు 8,500 మాత్రమే. దాని మీద వంద రోజులకు 3,000 అంటే ఏడాది లెక్కన నూటికి నూరు దాటిన వడ్డీ. పైగా మీ నెలసరి మిగులు 6,200 అయితే అందులో 6,000 ఆ వాయిదాకే పోతోంది. ఇంకో రెండు నెలలు మీ దగ్గర మిగిలేది 200. ఆ డబ్బుతో ఒక్క పెయ్యను కూడా మేపలేరు. బాకీ తీరగానే "మళ్లీ ఇస్తాం" అని వాళ్లే షాపుకు వస్తారు. వద్దని చెప్పి పంపించేయండి.

ఇక మేత. మూడు వందల కిలోల లోపు నాటు పశువుకు రోజుకు ఎండుగడ్డి 6 కిలోలు, దాణా కిలో, ఉప్పు, ఖనిజ మిశ్రమం కావాలి. పచ్చిగడ్డి గట్ల మీద కోసుకొస్తామన్నారు కాబట్టి దాన్ని లెక్కలో వేయడం లేదు. మీరు రాసిన ధరలే తీసుకుంటే గడ్డికి 42, దాణాకు 28, మిగతావాటికి 6, మొత్తం 76 రూపాయలు. పెయ్యను సగంగా లెక్కేసినా నాలుగింటికీ నెలకు 8,000 దాకా అవుతుంది. వానాకాలం చివర గడ్డి ధర రెట్టింపైతే 12,400. పాలు లేవు, దుక్కి లేదు, పేడ అమ్మితే వచ్చేది దాణాకు కూడా చాలదు. ఇలాంటి ఖర్చుకు తాకట్టు పెట్టిన నగ వెనక్కి రాదు. మేతకు చేసిన అప్పు నెల తిరిగేసరికి పేడకుప్పలో ఉంటుంది, వడ్డీ మాత్రం ఇంట్లో ఉంటుంది.

అసలు లోటు అత్యవసర నిధి. ఇంటి ఖర్చు, బండి వాయిదా కలిపి 33,800. మీ 48,000 నెలన్నర కూడా రావు. జిరాక్స్ షాపు ఆదాయం బడులకు సెలవులిస్తే పడిపోతుంది. మీలాంటి ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే రెండు లక్షలు పక్కన ఉండాలి. అంత అయ్యేదాకా ఆగమనను. మూడు నెలల ఖర్చు, సుమారు లక్ష పోగయ్యేదాకా మాత్రం ఆగాల్సిందే. ఫైనాన్స్ బాకీ తీరాక నెలకు 6,000 వేస్తే తొమ్మిది నెలల్లో అవుతుంది. డిపాజిట్లో వేయండి, చీటీలో వద్దు. ఈలోగా ఆదివారాలు గోశాలకు వెళ్లి పని చేయండి, వాళ్లకు మనిషి సాయం కూడా తక్కువే.

లక్ష పోగయ్యాక ఆవును, పెయ్యను తెచ్చుకోండి. ఎడ్లు వద్దు. ఈ రెండింటికీ నెలకు 3,420, గడ్డి కరువులో 5,310. మీ మిగులులోనే సరిపోతుంది. వరి కోతలయ్యాక పాతపట్నం వైపు నుంచైనా సరే నాలుగు నెలల గడ్డి, 1,080 కిలోలు, 7,560 రూపాయలకు కొని అటక మీద తడవకుండా పెట్టండి. ఏడు రూపాయల గడ్డి పద్నాలుగయ్యే చోట ఏ డిపాజిట్టూ అంత లాభం ఇవ్వదు. పశువుల కోసం ఇంకో ఖాతా తెరిచి, మూడు నెలల కరువు మేతకు 16,000, వైద్యానికి 10,000 మెల్లగా చేర్చండి. ఇంటి నిధిని దీనికి ముట్టుకోవద్దు.

వైద్యానికి ఎందుకంటే, ఆకలితో వచ్చిన పశువుకు జాలిపడి పెళ్లి భోజనాల్లో మిగిలిన అన్నం గంపెడు పెడతారు. పొట్టలో ఆమ్లం పెరిగి, కడుపు ఉబ్బి, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోవచ్చు. మొదట గడ్డి, నీళ్లు, పావుకిలో దాణా చాలు. రెండు వారాల్లో మెల్లగా కిలోకు తీసుకెళ్లాలి. మూడు వారాలు ఇరుగుపొరుగు పశువులకు దూరంగా కట్టండి. గాలికుంటు టీకా, చెవిపోగు ప్రభుత్వ పశువైద్యశాలలో ఉచితం. అత్యవసరమైతే 1962కు ఫోన్ చేయండి.

పాకకు ఆవుకు 40 చదరపు అడుగులు, పెయ్యకు 20 చాలు. మీరు తెచ్చిన స్తంభాల్లో ఆరు వాడి, పైన రేకు వేయండి. నున్నటి సిమెంటు గచ్చు మాత్రం వేయకండి. ముసలి పశువు జారి కూలబడితే లేవదు. రోజుకు నాలుగైదుసార్లు పక్క మార్చాలి, మనుషుల్ని పెట్టాలి, డాక్టరును మళ్లీ మళ్లీ పిలవాలి. పదివేలు అక్కడే కరిగిపోతాయి. ఇటుకలను నిలువుగా పరిచి, మూత్రం పోయేలా కాస్త వాలు ఇవ్వండి.

తెచ్చుకునే ముందు గోశాలతో కాగితం రాసుకోండి. చెవిపోగు నంబర్లు, వైద్యం ఎవరు పెట్టుకుంటారు, మీరు వద్దంటే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారు, చనిపోతే ఎవరికి చెప్పాలి, అన్నీ అందులో ఉండాలి. కేసులో పట్టుబడినవైతే వాటిని అప్పగించింది గోశాలకు, మీకు కాదు. కాబట్టి మీ ఇంట్లో ఉంచుకోవడానికి కోర్టు అనుమతి ఉందో లేదో కాగితం చూపించమనండి. పశుహింస నివారణ చట్టం కింద వచ్చిన 2017 నాటి నిబంధనల ప్రకారం పోషణ ఖర్చు నిందితుల నుంచి రాబట్టే వీలుంది గానీ, వచ్చినా అది గోశాల లెక్కలోకి వెళుతుంది. ఆ డబ్బును నమ్ముకుని బాకీలు పెట్టకండి.

పశువుల బీమా మీకు కుదరదు. ఆవు మీది కాదు, పైగా ఒట్టిపోయినదాన్ని సాధారణంగా ఏ కంపెనీ తీసుకోదు. మీ ఇద్దరి ఆరోగ్య బీమా గురించి మీరు రాయలేదు. పెద్ద జబ్బుకు మీవాళ్లు శ్రీకాకుళమో విశాఖో వస్తారు కదా, మీ ఒడిశా ఆరోగ్య కార్డు అక్కడి ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి.

80జి రాదు. ఇంట్లో పెట్టే మేత విరాళం కాదు. నమోదైన ట్రస్టుకు వస్తువుల రూపంలో ఇచ్చినా, 2,000 దాటి నగదుగా ఇచ్చినా అది వర్తించదు, కొత్త పన్ను విధానంలో అయితే అసలే లేదు. అయినా ఏడాదికి 4,80,000 ఆదాయానికి ఆ విధానంలో మీరు కట్టాల్సిన పన్నే లేదు.