సందేహం: సంతృప్తి, సరిపెట్టుకోవడం ఒకటేనా?

సందేహం: 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా కొబ్బరితోట నేలమట్టమైంది. మా అత్తగారు మాత్రం ప్రార్థన కూడికలో సాక్ష్యం చెప్పినప్పుడల్లా "ప్రభువు కృప వల్ల నాకు సంతృప్తి ఉంది" అంటారు. అది సంతృప్తి కాదు, సరిపెట్టుకోవడం అని మా మరిది వాదన. ఏది సరైన ప్రయోగం?
– ఒక పాఠకురాలు, ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, మీ మరిదిగారి అనుమానానికి కారణం మీ అత్తగారు కాదు, ఈ కాలపు వాడుక. షోరూముల వాళ్లూ ఫోన్ కంపెనీల వాళ్లూ 'కస్టమర్ సంతృప్తి' అని అని, కోరింది దొరికితేనే కలిగేది సంతృప్తి అన్నట్టు చేసేశారు. కోరింది దొరకనప్పుడు కూడా ఆ మాట చెల్లుతుందని చదువుకున్నవాళ్లకే తట్టడం లేదు. తృప్తిలో కడుపు నిండడం ఉంది, తుష్టిలో మనసు సంతోషించడం ఉంది. అంతటితో వాటిని వదిలేస్తాను. ఈ చర్చకు అసలు కావలసిన మాట అచ్చతెలుగులో ఉంది: చాలు.

నాగటి చాలు వేరు, దాని జోలికి పోను. నేననేది 'ఇక చాలు'లోని క్రియ గురించి. 'బియ్యం చాలవు' అన్నప్పుడు సరిపోవడం. 'మోయజాలను' అన్నప్పుడు శక్తి ఉండడం. క్రియ ఒక్కటే! సరిపడడానికీ సమర్థతకీ మన పెద్దలు ఒకే మాట పెట్టుకున్నారు. 'చాలా' కూడా దీని బిడ్డే. 'చాలా చాలా హ్యాపీ' అని రోజూ అనేవాళ్లు అందులో 'చాలు' ఉందని ఒక్కసారైనా తలుచుకుంటే బాగుండును.

ఇప్పుడు మీ అత్తగారి బైబిలు తీయండి. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక, అంటే ఉత్తరం, 12వ అధ్యాయం. తనను పీడిస్తున్న ఒక బాధను 'శరీరంలో ముల్లు' అని, దాన్ని తీసెయ్యమని పౌలు ప్రభువును ముమ్మారు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది" అని జవాబు వచ్చింది. 'చాలును' అన్న వెంటనే 'శక్తి'. తెలుగు చెవికి ఆ రెండూ ఒకే క్రియలో వినబడతాయి. ఇంకో సంగతి, పౌలు అడగడానికి వెనకాడలేదు. నష్టపరిహారానికి అర్జీ పెట్టుకున్నంత మాత్రాన మనిషికి సంతృప్తి లేదనకూడదు.

ఫిలిప్పీయులకు ఖైదులో ఉండి రాసిన పత్రికలో "నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొనియున్నాను" అంటాడు. ఆ 'నేర్చుకొని' చూడండి. సరిపెట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు, వేరే దారి లేకపోతే అదే వస్తుంది. ఆ వెంటనే కడుపు నిండి ఉండడమూ ఆకలితో ఉండడమూ రెండూ నేర్చుకున్నానని చెప్పి, అప్పుడు "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్నాడు. పరీక్షల ముందు ఈ వాక్యాన్ని స్టేటస్ పెట్టుకునే పిల్లలు పైనున్న ఆకలి మాట వదిలేస్తారు. అది తప్పు. సమస్తంలో ఆకలి కూడా ఉంది. అనువాదకులు 'చేయజాలుదును' అని ఉంటే నాకు ఇంకా నచ్చేది.

మూడడుగుల నేల చాలన్న వామనుడి చేత పోతన బలితో చెప్పించిన కందం ఇది:

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివే లనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

'వగవక' అన్నాడు, గమనించారా? దొరికింది కొంచెమే అయినా అదే పదివేలు అనుకోవాలి, ఏడుస్తూ కాదు. అలా తృప్తి పడనివాడికి ఏడు ద్వీపాలిచ్చినా చాలవట. 'అదే పదివేలు' మన జిల్లాల్లో గుడికెళ్లేవాళ్ల నోటా చర్చికెళ్లేవాళ్ల నోటా నేటికీ ఉంది.

ఇక తీర్పు. సరిపెట్టుకోవడం చెడ్డమాటేం కాదు. చెట్లు కూలిన కొత్తలో మీ అత్తగారూ సరిపెట్టుకునే ఉంటారు. అది ఎక్కడ ఆగి సంతృప్తి ఎక్కడ మొదలైందో వ్యాకరణం చెప్పజాలదు, బయటినుంచి చూసే మీ మరిదిగారూ చెప్పలేరు. ఆవిడ ప్రయోగాన్ని నేను దిద్దను. కాకపోతే ఇంట్లో మాట్లాడేటప్పుడు ఆవిడ "నాకు ఆయన కృప సాలమ్మా" అంటారేమో వినండి. అంటే మాత్రం కూడికలోనూ అదే అనమనండి. 'సాలు' అన్నారని ఎవరైనా నవ్వితే, తప్పు నవ్వినవాళ్లదే.